మగాళ్ళకి స్కిన్‌కేర్: పొద్దున మూడు స్టెప్పులు, రాత్రి రెండు

చాలామంది మగాళ్ళు స్నానంలో ఒంటికి రుద్దుకున్న సబ్బునే మొహానికి కూడా రుద్దేసుకుని బయటపడతారు, ఎప్పుడైనా ఫొటోలు దిగే సందర్భం దగ్గరపడితే మాత్రం కంగారుగా ఏదో క్రీమ్ కొని రెండ్రోజులు పూసుకుని, ఏం తేడా లేదని ఆ ట్యూబ్ పక్కన పడేస్తారు. ఇంకో రకం వాళ్ళు ఉంటారు, ఒక రాత్రి కూర్చుని వీడియోలన్నీ చూసేసి ఒకేసారి ఏడెనిమిది సీసాలు ఆర్డర్ పెట్టి, అన్నీ ఒకే రోజు మొహం మీద వేసుకుని, వారం తిరిగేసరికి మొహం ఎర్రబడి మంట పుట్టి ఇక జన్మలో ఈ జోలికి రాను అనుకుంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. కావాల్సినవి మూడు వస్తువులు, ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. ఈ మూడూ రెండు మూడు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా వాడితే వచ్చే తేడా, పది సీసాలు గుర్తొచ్చినప్పుడల్లా వాడితే రాదు. మిగతావన్నీ అవసరం పడితే తర్వాత ఒక్కొక్కటిగా కలుపుకుందాం.

కొనేముందు ఒక మాట. సీసా నల్లగా ఉండి దాని మీద మగాళ్ళ కోసం అని రాసి ఉండాల్సిన పనేం లేదు. మగాళ్ళ చర్మం సగటున కాస్త మందంగా ఉంటుంది, హార్మోన్ల వల్ల నూనె కూడా ఎక్కువ పుడుతుంది, అది నిజమే, కానీ లోపల వేసే గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో ఉండే కొవ్వు లాంటివి), నయాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) ఎవరికైనా ఒకటే. పైగా మగాళ్ళ కోసమని అమ్మేవాటిలో చల్లగా అనిపించడానికి మెంథాలు, ఘాటు సెంటు వేస్తుంటారు, సున్నితమైన చర్మానికి అవే పడవు. సీసా ముందువైపు ఏం రాశారన్నది వదిలేసి వెనకవైపు తిప్పి చదవండి.

ముందు మీ చర్మం ఏ రకమో తెల్సుకోండి

మామూలు ఫేస్‌వాష్‌తో మొహం కడుక్కుని, తుడుచుకుని, ఏమీ రాయకుండా ఒక గంట వదిలేయండి. తర్వాత అద్దంలో చూస్కోండి. నుదురు, ముక్కు, బుగ్గలు అన్నీ మెరుస్తుంటే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు మాత్రమే మెరిసి బుగ్గలు మామూలుగా ఉంటే మిశ్రమం, ఎక్కువమంది ఇందులోకే వస్తారు. మొహం బిగుసుకుపోయినట్టు ఉండి, నవ్వితే లాగుతున్నట్టు అనిపిస్తే పొడి చర్మం. చిన్నచిన్న వాటికే మంట, దురద వస్తుంటే సున్నితం అనుకోండి, అలాంటివాళ్ళు ఏది కొన్నా సెంటు లేనిదే కొనండి. ఇంతకంటే లోతుగా పోనక్కర్లేదు, క్రీమ్ ఏ తరహాది కొనాలో తెల్సుకోడానికే ఇదంతా. కాలం మారితే చర్మం తీరు కూడా మారుతుంది, చలికాలం వచ్చాక మళ్ళీ ఒకసారి చూస్కోండి.

పొద్దున మొదటి స్టెప్: కడుక్కోవడం

సబ్బుతో ఇబ్బంది ఎక్కడంటే, మన చర్మం పైపొర కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 5 చుట్టుపక్కల, మామూలు సబ్బు బిళ్ళ పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. రోజూ రెండుపూటలా దాంతో రుద్దితే చర్మంలో తేమని పట్టి ఉంచే కొవ్వు పొర దెబ్బతింటుంది. కడిగిన వెంటనే మొహం కిర్రుమంటుంటే శుభ్రంగా అయిందని సంతోషపడతారు గానీ, అది అవసరానికి మించి నూనె పోయిందని గుర్తు. మైల్డ్ ఫేస్‌వాష్ చాలు. జిడ్డు చర్మం అయితే జెల్ రకం, పొడి చర్మం అయితే నురగ తక్కువ వచ్చే క్రీమ్ లాంటిది.

ముందు చేతులు కడుక్కోండి, ఇది చాలామంది మర్చిపోతారు. గోరువెచ్చని నీళ్ళతో మొహం తడుపుకుని, ఫేస్‌వాష్ కొంచెం చేతిలో నురగ తీసి, వేళ్ళతో అర నిమిషం మెల్లగా రుద్దండి. ముక్కు పక్కన మడతలు, జుట్టు మొదలయ్యే చోటు, దవడ కింద, ఈ మూడు చోట్లే మురికీ జిడ్డూ మిగిలిపోయేది. తర్వాత నురగ ఆనవాలు లేకుండా కడిగి, టవల్‌తో అద్దుకోండి, రుద్దొద్దు. బాగా వేడి నీళ్ళు మొహానికి వద్దు. రోజుకి రెండుసార్లు, జిమ్ చేసి చెమట పట్టిన రోజు ఇంకోసారి, అంతకుమించి వద్దు. పొడి చర్మం ఉన్నవాళ్ళు పొద్దున ఉత్త నీళ్ళతో కడుక్కున్నా సరిపోతుంది. గరుకుగా గింజలు తగిలే స్క్రబ్బులు మాత్రం మానేయండి, ముఖ్యంగా మొటిమలు ఉన్నప్పుడు, వాటి మీద రుద్దితే వాపు, మచ్చలు పెరుగుతాయి.

రెండో స్టెప్: మాయిశ్చరైజర్

నాది జిడ్డు మొహం నాకెందుకు క్రీమ్ అంటారు. నూనె వేరు నీటి తేమ వేరు, పైన జిడ్డు కారుతున్నా లోపల చర్మం నీళ్ళు లేక ఎండిపోయి ఉండొచ్చు, గట్టి ఫేస్‌వాష్ వాడేవాళ్ళలో, మొటిమల మందులు రాసేవాళ్ళలో ఇది చాలా మామూలు. జిడ్డు చర్మానికి పల్చటి జెల్ మాయిశ్చరైజర్, దాని మీద నాన్ కొమెడోజెనిక్ అని ఉండేలా చూస్కోండి, అంటే రంధ్రాలు మూసుకుపోని విధంగా తయారు చేశామని వాళ్ళు చెప్పడం. పొడి చర్మానికి కాస్త చిక్కటిది, సెరమైడ్లు ఉన్నవి బాగుంటాయి.

రాసుకునే టైమ్ ముఖ్యం. మొహం అద్దుకున్నాక ఇంకా కొంచెం తడి ఉండగానే రాసేయాలి. గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్ లాంటివి నీటిని పట్టుకునే పదార్థాలు, ఆ తడిని అవి అక్కడే పట్టి ఉంచుతాయి. బఠాణీ గింజంత తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, గడ్డం, మెడ మీద చుక్కలు పెట్టి పరచండి. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగండి, ఈలోపు బట్టలు వేసుకోవచ్చు.

మూడో స్టెప్: సన్‌స్క్రీన్, అసలు పని ఇక్కడే ఉంది

ఉన్న డబ్బుతో ఒక్కటే మంచిది కొనగలను అంటే నేను సన్‌స్క్రీనే కొనమంటాను. ముడతలు, నల్ల మచ్చలు, ఒక్కో చోట ఒక్కో రంగు, వీటిలో ఎండ పాత్ర చాలా పెద్దది, మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చ కూడా ఎండ తగిలేకొద్దీ ముదురుతుంది. చామనఛాయ, నలుపు రంగు వాళ్ళకి అక్కర్లేదనే మాట తప్పు, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది గానీ మచ్చలు పడటం, పడ్డవి నెలల తరబడి ఉండిపోవడం ఈ రంగు చర్మాల్లోనే ఎక్కువ.

డబ్బా మీద ఏం చూడాలంటే, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ. ఎస్‌పీఎఫ్ అనేది చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల లెక్క, 30 అయితే వాటిలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. చూశారుగా, తేడా ఎంత చిన్నదో, నంబర్ ఎక్కువుంది కదా అని సాయంత్రం దాకా మళ్ళీ రాయకుండా ఉండటానికి లేదు. రెండోది బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలి, లేదా పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఉండాలి, అది యూవీఏ కిరణాల కోసం. ఈ యూవీఏ మబ్బుల్లోంచి వస్తుంది, కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది, చర్మంలో లోతుగా దిగి ముడతలకి దారితీస్తుంది. కాబట్టి ఆఫీసులో కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు, రోజంతా డ్రైవింగ్‌లో ఉండేవాళ్ళు నాకు ఎండ తగలదు అనుకోవద్దు.

ఇప్పుడు ఎంత రాయాలి. ల్యాబులో సన్‌స్క్రీన్ని పరీక్షించేది చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల లెక్కన రాసి, ఇంట్లో మనం రాసుకునేది అందులో సగం కూడా ఉండదు, అందుకే డబ్బా మీద 50 అని ఉన్నా మొహానికి అందేది చాలా తక్కువ. తేలిక కొలత ఏంటంటే, చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా మొదలు నుంచి చివర దాకా ఒక్కో గీత గీయండి. మొహానికీ మెడకీ కలిపి అంత కావాలి. మొదటిసారి అంతా వేళ్ళ మీద చూస్తే ఇదేంటి ఇంత అనిపిస్తుంది, ఒకేసారి రాస్తే మొహం మీద తెల్లగా గుడ్డలా పరుచుకుంటుంది, అందుకని ఒక వేలిది ముందు చుక్కలుగా పెట్టి పరిచి, అది ఆరాక రెండో వేలిది రాయండి. చెవుల పైభాగం, మెడ వెనక, నుదుటి పైన జుట్టు పల్చబడ్డ చోటు వదలొద్దు, పొట్టి జుట్టు ఉండేవాళ్ళకి చెవులు రోజంతా ఎండలోనే ఉంటాయి. బయటికి వెళ్ళడానికి ఒక పదిహేను నిమిషాల ముందు రాసుకుని, ఎండలోనే ఉండాల్సి వస్తే రెండు గంటలకోసారి, చెమట పట్టి మొహం తుడుచుకున్నా మళ్ళీ రాయండి.

మొహం తెల్లగా పాలిపోయినట్టు కనపడుతోందని చాలామంది మానేస్తారు. అది ఎక్కువగా జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవాటితో వస్తుంది, జెల్ లేదా ఫ్లూయిడ్ రకం మార్చి చూడండి, లేదా చర్మం రంగుకి కలిసే టింటెడ్ సన్‌స్క్రీన్ తీసుకోండి, వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుతురు నుంచి కూడా కొంత కాపాడతాయి, నల్ల మచ్చలు ఉన్నవాళ్ళకి అది బాగా పనికొస్తుంది. గడ్డం ఉన్నవాళ్ళకి చిక్కటి క్రీమ్ వెంట్రుకల్లో తెల్లగా చిక్కుకుంటుంది, పల్చటి ఫ్లూయిడ్ తీసుకోండి. చెమటతో కారి కళ్ళు మండుతుంటే కళ్ళ చుట్టూ స్టిక్ రూపంలో దొరికేది వాడండి.

రాత్రికి

రాత్రి రెండే పనులు, కడుక్కోవడం, మాయిశ్చరైజర్. ఎంత అలసిపోయినా ఆ రోజు రాసుకున్న సన్‌స్క్రీన్, చెమట, దుమ్ము మొహం మీద ఉంచుకుని పడుకోవద్దు. వాటర్‌ప్రూఫ్ రకం సన్‌స్క్రీన్ అయితే రెండుసార్లు కడగాల్సి రావొచ్చు. పెదాలు పగిలే అలవాటు ఉంటే కొంచెం పెట్రోలియం జెల్లీ రాసి పడుకోండి. మొటిమల మందో మచ్చల మందో వాడాల్సి వస్తే దానికి కూడా ఎక్కువగా రాత్రే టైమ్, దాని సంగతి కింద చెప్తాను.

షేవింగ్ రోజు

మొహం మీద ఎర్ర పొక్కులు, మెడ మీద మంట, వీటిని మొటిమలు అనుకుని మొటిమల క్రీములు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అవి చాలాసార్లు షేవింగ్ వల్ల వచ్చేవి, వెంట్రుక మరీ దగ్గరగా తెగి, పైకి రావాల్సింది వంకర తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ఉంగరాల జుట్టు వాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ.

స్నానం చేశాక షేవ్ చేస్కోండి, లేదా గోరువెచ్చని తడి బట్ట రెండు నిమిషాలు మొహం మీద ఉంచండి, వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది, బ్లేడు లాగకుండా తెగుతుంది. జెల్ లేదా క్రీమ్ రాసి ఇంకో నిమిషం ఆగండి. బ్లేడు పెట్టేముందు వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో చూడాలి, రెండు మూడు రోజుల గడ్డం మీద వేళ్ళతో నిమిరితే తెలిసిపోతుంది, నున్నగా జారితే అది వాలు, గరుకుగా అడ్డం తగిలితే ఎదురు. బుగ్గల మీద అందరికీ దాదాపు కిందికే ఉంటుంది, మెడ మీద మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా, కొందరికి పైకి, కొందరికి పక్కకి, గొంతు దగ్గర సుడి తిరిగినట్టు కూడా ఉంటుంది. అందుకే అందరికీ మెడ మీదే మంట. వాలు ఎటుంటే బ్లేడు అటే నడపండి, చర్మాన్ని గట్టిగా లాగిపట్టొద్దు, ఒత్తొద్దు, ఒకే చోట మళ్ళీ మళ్ళీ గీకొద్దు. గీసిన ప్రతిసారీ బ్లేడు కడుగుతూ ఉండండి. నున్నగా గాజులా రావాలని ఎదురు గీస్తే మాత్రం పొక్కులు తప్పవు. బ్లేడు అయిదు నుంచి ఏడు షేవింగుల్లో మార్చేయండి, తడి బాత్రూంలో వదిలేయకుండా ఆరబెట్టండి.

తర్వాత చల్లటి నీళ్ళతో కడిగి సెంటు లేని మాయిశ్చరైజర్ రాయండి. సుర్రుమనే ఆల్కహాల్ ఆఫ్టర్‌షేవ్ బాగా పనిచేస్తోందని ఒక నమ్మకం ఉంది, ఆ మంట వల్ల లాభమేం లేదు, చర్మం ఎండిపోతుంది. షేవ్ చేసిన రాత్రి మొటిమలకి వాడే యాసిడ్లు, రెటినాయిడ్లు (విటమిన్ ఎ జాతి మందులు) ఏవీ రాయొద్దు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పొక్కులు ఆగకపోతే బ్లేడు మానేసి ట్రిమ్మర్‌తో కొంచెం వెంట్రుక ఉంచి కత్తిరించుకోండి, చాలామందికి అదొక్కటే తగ్గించేస్తుంది.

గడ్డం పెంచేవాళ్ళు ఫేస్‌వాష్‌ని వెంట్రుకల మీద పైపైన కాకుండా వేళ్ళ కొనలతో చర్మం దాకా చేర్చండి. గడ్డంలోంచి తెల్ల పొట్టు రాలుతూ దురద వస్తుంటే అది ఎక్కువగా తల చుండ్రు లాంటిదే, మలాసీజియా అనే ఫంగస్ దానికి కారణం. దాని మీద బియర్డ్ ఆయిల్ పోస్తే ఆ ఫంగస్‌కి మేత వేసినట్టే. ఫంగస్‌ని తగ్గించే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు గడ్డానికి రాసి అయిదు నిమిషాలు ఉంచి కడిగితే కొన్ని వారాల్లో తగ్గుతుంది.

మొటిమలు ఉంటే

మొదటి నెల పైన చెప్పిన మూడింటితోనే ఉండండి, కొందరికి సబ్బు మానడంతోనే సగం సర్దుకుంటుంది. తర్వాత ఒకే ఒక మందు కలపండి. నల్ల చుక్కలు, మూసుకుపోయిన రంధ్రాలు ఎక్కువుంటే సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం దాకా, అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగి పనిచేస్తుంది. ఎర్రగా చీము పట్టేవి ఉంటే బెంజాయిల్ పెరాక్సైడ్, 2.5 శాతంతో మొదలెట్టండి, 10 శాతం కొంటే మంట ఎక్కువ తప్ప ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఒక హెచ్చరిక, ఇది తగిలితే రంగు టవల్స్, దిండు గలీబులు, టీషర్టు కాలర్లు తెల్లగా వెలిసిపోతాయి.

మూడోది అడాపలీన్ 0.1 శాతం జెల్, రెటినాయిడ్ జాతి మందు. కొన్ని దేశాల్లో చీటీ లేకుండానే ఇస్తారు, కొన్నిచోట్ల డాక్టర్ రాయాలి. ఇది తొందరపడితే కాల్చేస్తుంది, ఓపిక పడితే బాగా పనిచేస్తుంది. మొహం పూర్తిగా ఆరాక, మొత్తం మొహానికి కలిపి బఠాణీ గింజంత, మొటిమ మీద మాత్రమే కాకుండా మొటిమలు వచ్చే ప్రాంతమంతా పల్చగా. కళ్ళ దగ్గర, ముక్కు మూలల్లో, పెదాల అంచుల్లో వద్దు. మొదటి రెండు వారాలు వారానికి రెండు రాత్రులు, పడితే రాత్రి విడిచి రాత్రి, తర్వాత రోజూ. చర్మం పొట్టు లేస్తుంటే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద ఇది రాయండి. మొదటి కొన్ని వారాల్లో మొటిమలు కొంచెం ఎక్కువ అవ్వొచ్చు, అక్కడే చాలామంది వదిలేస్తారు, అసలు ఫలితం చూడాలంటే 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఇది వాడేటప్పుడు పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి.

టూత్‌పేస్ట్, నిమ్మరసం, వంటసోడా మొహానికి రాయొద్దు. నిమ్మజాతి రసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలొచ్చి నల్లగా మచ్చలు పడొచ్చు. మొటిమలు గిల్లొద్దు. గంటలకొద్దీ హెల్మెట్ పెట్టుకునేవాళ్ళకి నుదుటి మీద, గడ్డం కింద పట్టీ ఒరుసుకునే చోట పొక్కులు వస్తాయి, లోపలి కుషన్ ఉతకండి. దిండు గలీబు వారానికోసారి మార్చండి. జిమ్‌కి వెళ్ళేవాళ్ళలో కొందరికి వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) మొదలెట్టాక మొటిమలు పెరుగుతాయి, అలా అనిపిస్తే కొన్ని వారాలు ఆపి చూడండి. కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి చెప్పక్కర్లేదు, అవి మానకుండా పైన ఏం రాసినా దండగ.

మచ్చలు, తెల్లబడే క్రీములు

నల్ల మచ్చలకి నయాసినమైడ్ 4, 5 శాతం సరిపోతుంది, అజెలాయిక్ యాసిడ్ కూడా మంచిదే, మొటిమలు మచ్చలు రెండింటికీ పనికొస్తుంది. నెలలు పడుతుంది, ఒప్పుకోవాలి.

వారంలో తెల్లబడతారు అని ఎవరైనా క్రీమ్ చేతిలో పెడితే దయచేసి ట్యూబ్ వెనక చదవండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మోమెటాసోన్, ఈ పేర్లు కనిపిస్తే అది స్టెరాయిడ్. మొదట్లో మొహం నిజంగానే తెల్లగా నున్నగా అవుతుంది, అందుకే అందరూ పడిపోతారు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనపడి, మొహం నిండా పొక్కులు లేస్తాయి, మానేసిన వెంటనే మంట, ఎరుపు తిరగబడతాయి, దాంతో మళ్ళీ అదే రాస్తారు. ఇప్పటికే అందులో చిక్కుకుని ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాళ్ళు మెల్లగా తగ్గిస్తారు. అసలు లోపల ఏమున్నాయో ఏ సీసా మీద రాసి లేదో అది మొహానికి రాయొద్దు.

కొత్తది ఏది తెచ్చినా

ఏదైనా కొత్తది కొంటే మొహమంతా రాసే ముందు చెవి వెనకో దవడ కిందో కొంచెం రాసి మూడు నాలుగు రోజులు చూడండి. దురద, ఎరుపు లేకపోతే మొదలెట్టండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు మూడు వారాలు గ్యాప్ ఉండాలి, లేకపోతే తేడా వచ్చినప్పుడు ఏది పడలేదో తెలీదు. చర్మం పైపొర కొత్తగా తయారవ్వడానికే నాలుగు వారాలు అటూ ఇటుగా పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అన్నీ మండుతున్నాయి అనిపించిన రోజు మందులు, యాసిడ్లు ఆపేసి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రం వాడుతూ కొన్ని వారాలు చర్మానికి టైమ్ ఇవ్వండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

లోపల గడ్డల్లా నొప్పిగా ఉండే మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు, ఆలస్యమయ్యేకొద్దీ గుంటలు పెరుగుతాయి, అవి పూడ్చడం కష్టం. మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోతే కూడా డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. పుట్టుమచ్చ ఆకారం మారినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కనిపించినా, అంచులు వంకరటింకరగా ఉన్నా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా, ఏదైనా పుండు వారాలు గడిచినా మానకపోయినా వెంటనే చూపించండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా మొహానికి రాసినవన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి, స్నేహితుడు ఇచ్చిన పేరులేని ట్యూబ్ ఉంటే దాంతో సహా, ఎన్నాళ్ళు రాశారో దాచకుండా చెప్పండి, మందు ఏది రాయాలన్నది వాళ్ళు దాన్ని బట్టే తేల్చుకుంటారు.